విశాఖ దగ్గరా, బెజవాడ దగ్గరా?

లక్ష్మీనగర్‌లో మేముండే సందులో సీఏ చదివే తెలుగు కుర్రాళ్లు ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. వికాస్ మార్గ్ పొడవునా మెట్రో స్తంభాలకు అటూ ఇటూ కోచింగ్ బోర్డులే కదా! ఓ సంక్రాంతి ముందు మా పై అంతస్తులో వాదన పుట్టింది. ఒకడిది అనకాపల్లి, ఇంకొకడిది గుడివాడ. ‘ఢిల్లీకి మా వైజాగే దగ్గర’ అన్నాడు మొదటివాడు. ‘ఏం మాట్లాడతన్నావురా! నేను బెజవాడలో రైలు దిగి, ఇంటికెళ్లి, అన్నం తిని పడుకున్నాక కదా నువ్వు దిగేది’ అన్నాడు రెండోవాడు. ఫోన్లో ఎవరి అంకె వాళ్లు చూపించుకుని, చివరికి కిందికి దిగొచ్చి ‘అంకుల్, మీరు చెప్పండి’ అన్నారు.

ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

రెండు విమానాశ్రయాల మధ్య దూరమని ఎక్కడ చూసినా కనిపించే అంకె, భూగోళం మీద ఆ రెండు చోట్ల మధ్య ఉన్న అతి దగ్గరి దారి. దాన్ని గాలిదారి అందాం. లెక్క కట్టడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, పదో తరగతి గణితం చాలు. ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయం 28.57 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.10 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ విమానాశ్రయానివి 17.72, 83.22. అక్షాంశాల తేడా 10.85 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 1,204. రేఖాంశాల తేడా 6.12 డిగ్రీలు. రేఖాంశపు డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లే అయినా ఉత్తరానికి పోయేకొద్దీ కుదించుకుపోతుంది. ఈ రెండు ఊళ్ల నడిమి భాగంలో అది 102 దాకా ఉంటుంది. అంటే 625. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుంటే కర్ణం 1,357 వస్తుంది. ఇదే పద్ధతిలో విజయవాడ విమానాశ్రయమున్న గన్నవరానికి కడితే 1,389. కుర్రాళ్ల ముందే కాగితం మీద వేసి చూపించాను. ఆకాశంలో విశాఖే దగ్గర, ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు.

రైల్లో కథ తిరగబడుతుంది. ఢిల్లీ నుంచి విజయవాడకు పట్టాల మీద 1,750 కిలోమీటర్ల పైచిలుకు. 2015 ఆగస్టులో మొదలైన విశాఖ ఏపీ ఎక్స్‌ప్రెస్ నాగపూర్, బల్లార్షా, కాజీపేటల మీదుగా బెజవాడ దాకా దక్షిణానికి దిగి, అక్కడి నుంచి మళ్లీ ఈశాన్యానికి తిరిగి సముద్రతీరం వెంబడి ఇంకో 350 కిలోమీటర్లు పోతుంది. మొత్తం 2,100. గాలిదారి కంటే ఏడు వందల నలభై ఎక్కువ. సమతా ఎక్స్‌ప్రెస్ ఇంకోవైపు నుంచి, నాగపూర్, రాయపూర్, రాయగడల మీదుగా, చుట్టి వస్తుంది. నేరుగా వెళ్లే దారి ఎందుకు లేదంటే నడుమ దండకారణ్యం ఉంది, తూర్పు కనుమలున్నాయి. విమానం ఆ అడవి మీదుగా పోతుంది, రైలు దాన్ని తప్పించుకుని పోతుంది. విమానాల వల్ల దగ్గరైన ఊళ్లంటే నా దృష్టిలో ఇలాంటివే. రైలు చుట్టూ తిరిగే ఊరికి విమానం చేసిన మేలు, రైలు తిన్నగా పోయే ఊరికి చెయ్యలేదు.

మిగతా అంకెలు కూడా చెప్పేస్తాను. ఢిల్లీ నుంచి హైదరాబాద్ శంషాబాద్ గాలిదారిలో సుమారు 1,260 కిలోమీటర్లు. రాజమండ్రి మధురపూడి 1,360, అంటే విశాఖతో సమానం. ఢిల్లీకి అక్కణ్నుంచి నేరుగా విమానం 2024 డిసెంబరులో గానీ రాలేదు. తిరుపతి రేణిగుంట 1,680.

ఇక కాలం. మన పెద్దలు కోసు, ఆమడ అని కొలతలు పెట్టుకున్నారు గానీ, నోటితో చెప్పేటప్పుడు ‘కూతవేటు’ అన్నారు, ‘పొద్దు వాలేలోపు చేరతావు’ అన్నారు. దారి అడిగినవాడికి కావలసింది కాలమే. విమానయానంలో ఆ కాలం రెండు రకాలు. చక్రాలు నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేదాకా ఒకటి. గేటు దగ్గర చక్రాలకు పెట్టిన అడ్డు తీసి విమానాన్ని వెనక్కి నెట్టినప్పటి నుంచి, అవతలి ఊళ్లో మళ్లీ అడ్డు పెట్టేదాకా రెండోది. దీన్నే వాళ్లు బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద అచ్చయ్యేది ఈ రెండోదే.

తేడా ఎంతో చూడండి. ఎయిర్‌బస్ 320 లాంటి విమానం పైకి ఎక్కాక గంటకు 830 కిలోమీటర్ల చొప్పున పోతుంది. ఆ వేగంతో విశాఖకు గంటా నలభై నిమిషాల లోపే చాలు. టికెట్ మీద మాత్రం రెండుంబావు గంటల చుట్టూ ఉంటుంది. ఆ మిగిలిన అరగంట పైచిలుకు ఎక్కడికి పోయింది? కొంత ఎక్కడంలో, దిగడంలో పోయింది. అప్పుడు వేగం తక్కువ, పైగా దారి తిన్నగా ఉండదు. గాలికి ఎదురుగా లేవాలి, గాలికి ఎదురుగానే దిగాలి కాబట్టి ఉత్తరానికి పోవలసిన విమానం ఒక్కోసారి దక్షిణానికి లేచి తిరుగుతుంది. కొంత ఢిల్లీ నేల మీద పోయింది. ఈ విమానాశ్రయానికి నాలుగు రన్‌వేలున్నాయి. దక్షిణపు కొస రన్‌వే మీద దిగి ఉత్తరాన ఉన్న ఒకటో టెర్మినల్‌కు చేరాలంటే విమానం నేల మీదే ఊరు చుట్టినంత తిరిగేది. 2023 జూలై 14న నాలుగో రన్‌వేతో పాటు తెరిచిన ఎత్తైన అడ్డదారి ఆ తిరుగుడులో దాదాపు ఏడు కిలోమీటర్లు తగ్గించింది. గాలిదారి ఒక్క మీటరు తగ్గలేదు, ప్రయాణం మాత్రం తగ్గింది.

ఇంకొంత కాలం ముందుజాగ్రత్త పద్దు కింద పోతుంది. చెప్పిన వేళ దాటి పావుగంటలోపు చేరితే సమయానికి చేరినట్టే లెక్క. ఏ సంస్థ విమానాలు ఎన్ని సమయానికి చేరాయో ఆ పట్టికను విమానయాన డైరెక్టరేట్ నెలనెలా బయటపెడుతుంది. కాబట్టి సంస్థలు షెడ్యూలులోనే పదీ పదిహేను నిమిషాలు కలిపి వేసుకుంటాయి. ఆలస్యంగా బయల్దేరిన విమానం ‘ముందే చేరాం’ అని ప్రకటించి చప్పట్లు కొట్టించుకునే వింత దీనివల్లే. ఇది మోసమని నేననను. డిసెంబరు, జనవరి పొగమంచులో ఢిల్లీ ఆకాశంలో చక్కర్లు కొట్టినవాడెవడూ ఆ పదిహేను నిమిషాలు దండగ అనడు.

గాలి సంగతి కూడా ఉంది. చలికాలంలో ఉత్తర భారతం మీద ఎత్తున పడమటి గాలి ఉధృతంగా వీస్తుంది. ఆగ్నేయంగా విశాఖకు పోయే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది, తిరిగొచ్చేదానికి ఎదురు నిలుస్తుంది. అందుకే అదే దారి, అదే విమానం, పోయేటప్పుడు కాస్త తక్కువ, వచ్చేటప్పుడు కాస్త ఎక్కువ. ‘ఊరు లాక్కుంటది అంకుల్, ఢిల్లీ నెట్టేస్తది’ అన్నాడు అనకాపల్లి కుర్రాడు. పడమటి గాలి కంటే ఆ వివరణే నాకు నచ్చింది.

దూరం కదలకుండా కాలం సాగిన ఉదాహరణ 2025 ఏప్రిల్ 24 తర్వాత అందరూ చూశారు. పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి యూరప్‌కు, అమెరికాకు పోయే భారతీయ విమానాలు దక్షిణంగా చుట్టు తిరగాల్సి వచ్చింది. పిల్లల దగ్గరికి డాలస్, చికాగో వెళ్లే తల్లిదండ్రులకు గంటలు పెరిగాయి. పటంలో చూస్తే ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంతవరకూ ప్రయాణికుడి గొడవ. ప్రభుత్వానికి ఈ అంకెలతో వేరే పని ఉంది. టికెట్ ధరకు హద్దు పెట్టాలంటే దూరం చూడాలా, కాలం చూడాలా? మన విమానయాన శాఖ అయిదేళ్లలో రెండు జవాబులూ చెప్పింది. కరోనా లాక్‌డౌన్ తర్వాత 2020 మే 25న దేశీయ విమానాలు మళ్లీ మొదలైనప్పుడు దారులన్నిటినీ నిమిషాల చొప్పున ఏడు తరగతులు చేసింది. నలభై నిమిషాల లోపు దారికి కనిష్ఠం 2,000, గరిష్ఠం 6,000 రూపాయలు. గంటన్నర నుంచి రెండు గంటల దారికి, ఉదాహరణకు ఢిల్లీ–ముంబయికి, 3,500 నుంచి 10,000. ఆ హద్దులు 2022 ఆగస్టు 31 దాకా ఉన్నాయి. తర్వాత 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు కుప్పలుగా రద్దయి టికెట్ల ధరలు ఆకాశానికంటినప్పుడు మళ్లీ హద్దు పెట్టారు. ఈసారి నిమిషాలు కాదు, కిలోమీటర్లు. 500 దాకా 7,500 రూపాయలు, వెయ్యి దాకా 12,000, పదిహేను వందల దాకా 15,000, ఆపైన 18,000. పన్నులు, విమానాశ్రయ రుసుములు వేరే.

ఈ కొలతలో హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి, విశాఖ నాలుగూ ఒకే గాటన పడ్డాయి. తిరుపతి ఒక్కటే పదిహేను వందల గీత దాటి పై తరగతిలోకి పోయింది. వెంకన్న మొక్కు ఢిల్లీ తెలుగువాడికి మూడు వేలు ప్రియమన్నమాట! అయినా రెండింటిలో నేను కిలోమీటర్ల కొలతకే ఓటేస్తాను. నిమిషాలను సాగదీయవచ్చు, కిలోమీటర్లను ఎవరూ సాగదీయలేరు. తరగతి అంచున ఉన్న దారిలో షెడ్యూలు అయిదు నిమిషాలు పెంచితే టికెట్ ధర పెంచుకోవచ్చన్న ఆశ ఎవరికీ కల్పించకూడదు.

దూరం అంకె డబ్బుల కంటే గట్టి పని కూడా చేస్తుంది. ఒక ఊరికి విమానాశ్రయం ఉండాలా వద్దా అని తేలుస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004 డిసెంబరులో జీఎంఆర్ ఆధ్వర్యంలోని సంస్థతో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో, 150 కిలోమీటర్ల గాలిదారి లోపల ఇరవై అయిదేళ్లపాటు ఇంకో పౌర విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. నిజాం కాలపు వరంగల్ మామునూరు ఏరోడ్రోమ్ శంషాబాద్‌కు గాలిదారిలో ఎంత దూరమో కట్టి చూశాను. 145 చుట్టూ వచ్చింది. ఆ నాలుగైదు కిలోమీటర్లు వరంగల్‌ను ఏళ్ల తరబడి ఆపాయి. జీఎంఆర్ నిరభ్యంతర పత్రం ఇచ్చాక 2025 ఫిబ్రవరి చివర్లో గానీ కేంద్రం అనుమతి రాలేదు. ఆ ఏరోడ్రోమ్ ఇంకొంచెం తూర్పున కట్టి ఉంటే ఈ కథే వేరు.

చిన్న ఊళ్ల మధ్య విమానాల విషయానికొస్తే, అసలు పరీక్ష ఉడాన్ పథకం. 2016లో విజయనగరం అశోక్ గజపతిరాజు విమానయాన మంత్రిగా ఉండగా మొదలైంది. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని తొలి విమానాన్ని ప్రారంభించిన రోజునే కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ విమానాలూ ఎగిరాయి. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, 2,500 రూపాయలన్నది దాని పేరుమోసిన హద్దు. విమానంలో సగం సీట్లకే అది వర్తిస్తుంది. లోటును ప్రభుత్వం మూడేళ్లు భర్తీ చేస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. మూడేళ్ల తర్వాత?

దానికి కాగ్ 2023 నివేదిక జవాబు చెప్పింది. ఇచ్చిన దారులు 774. మొదలైనవి 371. మూడేళ్లూ నిలిచినవి 112. ఆ తర్వాత రాయితీ లేకుండా నడిచినవి 54. కడప–హైదరాబాద్ నడిపిన ట్రూజెట్ సంస్థే 2022లో మూతపడింది.

దారులెందుకు చచ్చిపోయాయో చెప్పడానికి ప్రయాణికులు లేరని, విమానాలు లేవని, రన్‌వేలు సిద్ధం కాలేదని రకరకాల కారణాలు చెబుతారు. అవన్నీ నిజమే. నాకు మాత్రం మరో కారణం ముఖ్యమనిపిస్తుంది. అది దూరమే. హైదరాబాద్–విజయవాడ దారిని తీసుకోండి. శంషాబాద్ నుంచి గన్నవరం గాలిదారిలో 264 కిలోమీటర్లు. ఏటీఆర్ విమానం గంటకు 500 చొప్పున పోగలదు కాబట్టి అరగంట పని. టికెట్ మీద గంటకు తగ్గదు. ఇప్పుడు మనిషి కాలం వెయ్యండి. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు గంటన్నర. గంటన్నర ముందు అక్కడుండాలి. ప్రయాణం గంట. దిగి సామాను తీసుకోవడానికి ఇరవై నిమిషాలు. గన్నవరం నుంచి బెంజ్ సర్కిల్‌కు నలభై నిమిషాలు. మొత్తం అయిదు గంటలు. ఎల్బీనగర్ దాటి కారు తిన్నగా వదిలితే అదే అయిదు గంటల్లో బెజవాడలో ఉంటారు, దారిలో సూర్యాపేట దగ్గర టీ కూడా తాగుతారు. విజయవాడ–విశాఖ గాలిదారి 290 కిలోమీటర్లు. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందే భారత్ ఈ రెండు ఊళ్ల మధ్య నాలుగు గంటల్లో చేరుస్తుంది, అదీ ఊరి నడిబొడ్డున దింపుతుంది. ఇలాంటి చోట విమానం గెలిచేది ఎప్పుడంటే, శంషాబాద్‌లో దిగి మరో విమానం మారేవాడికి మాత్రమే. వాడికి కూకట్‌పల్లి గంటన్నర లేదు.

దానికి ఎదురుగా కర్నూలును పెట్టి చూడండి. 2021 మార్చిలో అక్కడి ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి విశాఖకు విమానం వచ్చింది. గాలిదారి దాదాపు 580 కిలోమీటర్లు. రాయలసీమ నుంచి ఉత్తరాంధ్రకు రైల్లోనైనా బస్సులోనైనా రాత్రంతా పోతుంది. ఇక్కడ గంటన్నర విమానం నిజంగా ఒక పనిదినాన్ని మిగులుస్తుంది. ఉడాన్ మొదట్లో 200 నుంచి 800 కిలోమీటర్ల దారులను పరిధిగా పెట్టుకుంది. మైదాన ప్రాంతంలో, మంచి రోడ్డో వేగమైన రైలో ఉన్నచోట, మూడు వందల లోపు దారికి ప్రజల డబ్బు పెట్టడం అనవసరమని నా అభిప్రాయం. ఫ్రాన్స్ 2023లో ఇంకో అడుగు ముందుకేసి, రెండున్నర గంటల్లో రైలు చేరుకునే దారుల్లో విమానాలనే ఆపేసింది. పారిస్ ఓర్లీ నుంచి బోర్డో, నాంత్, లియోన్ దారులు అలా పోయాయి. మన దగ్గర అంత తొందర వద్దు. నీళ్లు అడ్డున్నచోట లెక్క వేరని కూడా గుర్తుంచుకోవాలి. స్కాట్లాండ్ ఉత్తరాన వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల మధ్య 2.7 కిలోమీటర్లకు రోజూ విమానం నడుస్తుంది. రెండు నిమిషాల లోపే దిగుతారు. దాన్ని దండగ అనలేం.

మళ్లీ లక్ష్మీనగర్‌కు వద్దాం. ఇక్కడి నుంచి ఇందిరాగాంధీ మూడో టెర్మినల్ గాలిదారిలో 20 కిలోమీటర్లే. మెట్రోలో నీలం గీత మీద రాజీవ్ చౌక్, అక్కడ పసుపు గీతకు మారి ఒక్క స్టేషన్, న్యూఢిల్లీలో మళ్లీ మారి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్. రెండు సూట్‌కేసులు, ఒక ఆవకాయ జాడీతో ఆ మార్పిడి చేసినవాళ్లకే తెలుస్తుంది. ఒకటో టెర్మినల్ అయితే దారే వేరు. సాయంత్రం కారులో పోదామంటే యమున మీద ఐటీఓ వంతెన దాటడానికే ఓపిక అయిపోతుంది. ఒకసారి నేను ఇంటి నుంచి మూడో టెర్మినల్‌కు చేరేసరికి రెండు గంటలా పది నిమిషాలైంది. ఆపైన హైదరాబాద్‌కు గాలిలో ఉన్నది అంతకంటే తక్కువే.

యమునకు ఇవతలే ఇంకో విమానాశ్రయం ఉంది. గాజియాబాద్ దగ్గరి హిండన్. అది వైమానిక దళానిది. 2019 మార్చిలో పౌర టెర్మినల్ కట్టి ప్రారంభించారు. ఆ అక్టోబరులో తొమ్మిది సీట్ల విమానం పిథోరాగఢ్‌కు ఎగిరింది, నవంబరులో హుబ్బళ్లికి స్టార్ ఎయిర్ వచ్చింది. పెద్ద విమానాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. మా ఇంటి నుంచి గాలిదారిలో అది 12 కిలోమీటర్లకు మించదు, వంతెన బెడద లేదు. సైనిక స్థావరం కావడం వల్ల దానికో బలహీనత ఉంది. 2025 మేలో సరిహద్దు ఉద్రిక్తతలప్పుడు మూసిన 32 విమానాశ్రయాల్లో ఇదీ ఒకటి. మూడోది జేవర్. 2021 నవంబరు 25న శంకుస్థాపన జరిగిన నోయిడా విమానాశ్రయం. లక్ష్మీనగర్‌కు అది గాలిదారిలోనే 60 కిలోమీటర్లు. నోయిడా, గ్రేటర్ నోయిడా తెలుగువాళ్లకు వరమేమో గానీ మాకు కాదు.

విశాఖవాళ్లకూ ఇదే లెక్క ఎదురొస్తుంది. ఇప్పటి విమానాశ్రయం నౌకాదళపు ఐఎన్ఎస్ డేగాలో, ఊరికి ఆనుకుని ఉంది. కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురం విశాఖకు 45 కిలోమీటర్ల దూరం. ఇద్దరు ముఖ్యమంత్రులు 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఒకసారి పునాదిరాయి వేసిన చోటు అది. ఢిల్లీ నుంచి గాలిదారిలో పెద్ద తేడా రాదు. గాజువాకవాసికి మాత్రం నేల మీద గంటా గంటన్నర పెరుగుతుంది, శ్రీకాకుళంవాసికి అంతే తగ్గుతుంది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం అంకె ఈ ఇద్దరికీ ఏమీ చెప్పదు.

ఆ సంక్రాంతికి అనకాపల్లి కుర్రాడు విమానంలో పోయాడు, గుడివాడ కుర్రాడు రైల్లో పోయాడు. ఇద్దరూ గెలిచారు కాబట్టి పందెం చాయ్, సమోసా నా ఖాతాలో పడింది.

ఒక మనవి మిగిలింది. 2025 జూలై 20న ఇండిగో హిండన్ నుంచి విమానాలు మొదలుపెడుతూ ఎనిమిది ఊళ్ల పేర్లు ప్రకటించింది. బెంగళూరు, చెన్నై, ముంబయి, కోల్‌కతా, అహ్మదాబాద్, ఇందోర్, పట్నా, వారాణసి. ఆ మొదటి జాబితాలో తెలుగు ఊరు ఒక్కటీ లేదు. హిండన్ నుంచి విశాఖకు గాలిదారి కట్టి చూశాను. 1,360. ఇందిరాగాంధీ నుంచి ఉన్నంతే. ఇంధనం ఖర్చు పెరగదు, నేల మీద మాకు గంట తగ్గుతుంది. విమానయాన మంత్రి శ్రీకాకుళం వారే, ఈ లెక్క ఆయనకు ఒకరు వివరించనక్కర్లేదు. లక్ష్మీనగర్, షకర్‌పూర్, మయూర్ విహార్, వైశాలి, ఇందిరాపురం తెలుగువాళ్లను లెక్కలోకి తీసుకుని హిండన్ నుంచి విశాఖకు, హైదరాబాద్‌కు వారానికి మూడు రోజులైనా విమానం నడపమని అడుగుతున్నాం.